బోర్లించిన రొట్టె

"ఈ నవలకే ఇవ్వాలి," అన్నాడు ఇదిర్ బెల్కాది, మూడోసారి.

ఫ్రాన్స్‌లోని ఒక జైలు లైబ్రరీలో తొమ్మిదిమంది ఖైదీలు కూర్చున్నారు. ఏటా ఆరు క్రైమ్ నవలలు చదివి, ఒకదానికి బహుమతి ఇస్తారు. గెలిచిన రచయిత లోపలికి వచ్చి అందుకోవాలి. అది అక్కడి రివాజు.

"నీ కథలా ఉందనేగా?" అన్నాడు ముసలి గాస్పార్. "వస్తూ వస్తూ గేటు తాళంచెవి తెస్తాడనుకుంటున్నావేంట్రా?"

అందరూ నవ్వారు. ఇదిర్ నవ్వలేదు.

పదకొండేళ్ల క్రితం టైర్ల ఫ్యాక్టరీలో సమ్మె నడుస్తుండగా మేనేజర్ హత్య జరిగింది. ఇదిర్ యూనియన్ నాయకుడు. ఆ గంటలో అతను క్యాంటీన్లో ఉన్నాడు. అతన్ని అక్కడ చూసింది వంటమనిషి జనీన్ ఒక్కతే. ఆమె పోలీసులకు చెప్పింది. విచారణకు ముందే చనిపోయింది. వాంగ్మూలం ఫైల్లో లేదు. కొత్త ఆధారం లేనిదే కేసు తిరిగి తెరవబోమని పారిస్‌లోని పైకోర్టు నుంచి రెండుసార్లు జవాబు వచ్చింది.

నవలలో ఊరు వేరు, పేర్లు వేరు. కానీ నూట నలభయ్యో పేజీలో యూనియన్ మనిషి రొట్టెను బోర్లా పెడతాడు. అరిష్టమంటూ వంటమనిషి తిట్టి, తిప్పిపెడుతుంది. పోలీసులకు అదే చెబుతుంది.

ఆ రొట్టె సంగతి కోర్టులో ఎవరూ ఎత్తలేదు. ఆ పేజీ చదివేదాకా ఇదిర్‌కే గుర్తులేదు.

"ఇది రాసినవాడు జనీన్ మాట విన్నాడన్నా," అన్నాడు ఇదిర్. "ఉన్నది మారుపేరు. ఫొటో కూడా లేదు. ఇక్కడికి రప్పిస్తేనే నాకు సాక్షి దొరికేది."

గాస్పార్ గడ్డం గోక్కున్నాడు.

"సరే, పిలుచుకో నీ సాక్షిని," అని చెయ్యెత్తాడు. అయిదు ఓట్లు పడ్డాయి.

జూన్‌లో రచయిత వచ్చాడు. ఆయన వెనక నాలుగు తలుపులకు తాళాలు పడ్డాయి. ఇదిర్ చివరి వరసలో కూర్చుని ఆయన ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"కళ్లారా చూసినట్టు రాశారు సార్, ఎలాగ?" అడిగాడు గాస్పార్.

"ఊహ, అంతే," అన్నాడాయన.

సంతకాలు మొదలయ్యాయి. ఇదిర్ అందరికంటే ఆఖర్న వెళ్లి పుస్తకం తెరిచి పెట్టాడు.

"ఎవరి పేరు రాయమంటారు?" ఆయన తలెత్తకుండా అడిగాడు.

"ఇదిర్ బెల్కాది."

ఆ పేరు దగ్గర పెన్ను ఆపిన మనిషే, పదకొండేళ్ల క్రితం ప్రాసిక్యూటర్‌గా ఎర్ర గౌనులో లేచి నిలబడి, 'ఇదిర్ బెల్కాదిని క్యాంటీన్లో చూసినవాళ్లు ఒక్కరూ లేరు' అని జ్యూరీకి చెప్పాడు.