నీలిరాయి వెచ్చన

చీకటి పడి యంత్రాలు ఆగాక, టెక్కలి క్వారీ అడుగున ధర్మారావు నీలి గ్రానైట్ గోడను సుత్తితో తట్టాడు. పగులుంటే మోత బొంగురుగా వస్తుంది. అతను బాగుందంటేనే ఎవరైనా ఆ గోడ కిందికి దిగుతారు.

మోత గంటలా మోగింది. ఆగలేదు.

అరచేయి ఆనించాడు. రాయి వెచ్చగా ఉంది. ఒకప్పుడు ఇది భూగర్భంలో కరిగిన ముద్దనీ, చల్లారడానికి లక్షల ఏళ్లు పట్టిందనీ ఇంజనీరు చెప్పాడు. ఇప్పుడది మెత్తబడి, మణికట్టు దాకా చేతిని లోపలికి తీసుకుంది. నొప్పి లేదు. లోపల ఏదో నదిలా, చాలా నెమ్మదిగా కదులుతోంది.

"ఏటి బావా, పలకవేటి? రాయితో సరసాలేటి?" పైనుంచి బావమరిది లోకేష్ నవ్వాడు. "బాగుందా? నానూ దిగుతన్నాను."

వద్దని అరవాలి. అరిస్తే ఆ కదలిక ఆగిపోతుందేమో.

"బాగుందిరా," అన్నాడు ధర్మారావు మెల్లగా. "దిగు."