అంజూర చెట్టు కింద

"ఈసారి మీ అబద్ధాన్ని నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పను అత్తయ్యా," అంది అంథూలా, కాఫీ గిన్నె పొయ్యిమీంచి దించుతూ.

"చెప్పకపోతే మానెయ్యి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చెట్టు చూపిస్తాను. చెట్టుకి భాషేమిటి?" అంది స్తమాతియా.

వాకిట్లో కూర్చున్న ఇంగ్లీషావిడ పేరు ఎడ్నా. డెబ్బై దాటిన మనిషి. లేరోస్ అనే ఈ గ్రీకు దీవికి ఎవరొచ్చినా సముద్రస్నానాలకే వస్తారు. ఈవిడ సెలవులకని వచ్చి నీళ్ళలో కాలైనా పెట్టలేదు. యాభై ఏళ్ళ కిందట యుద్ధంలో ఇక్కడ పోయిన అన్న రోనాల్డ్ కోసం సైనికుల శ్మశానంలో ప్రతి రాయీ చదివింది. పేరు లేదు. ఫిరంగి దిబ్బలన్నీ ఎక్కి దిగింది. చివరికి ఎవరో స్తమాతియాని అడగమన్నారట.

అడిగినవాళ్ళందరికీ స్తమాతియా చూపించేది ఒకటే చోటు, కొండమీది అంజూర చెట్టు. చెప్పేవీ అవే మాటలు.

"ఆ చెట్టు కింద ఇంకా ఎంతమందిని పూడుస్తారు? రేపు నిజం తెలిస్తే మన మొహాన ఉమ్మేస్తారు," అంది అంథూలా.

"నిజం ఎవరికి తెలుసే, చెప్పడానికి?" అని స్తమాతియా కర్ర అందుకుంది.

ముగ్గురూ ఎండలో ఆగి ఆగి కొండెక్కారు. చెట్టు దగ్గర స్తమాతియా ఎడ్నా చెయ్యి పట్టుకుంది. ఇక్కడే పడిపోయాడని, దాహమంటే తనే నీళ్ళు పట్టానని, వాళ్ళమ్మని తలుచుకున్నాడని, పెద్దగా బాధపడకుండానే కన్నుమూశాడని చెప్పింది. నోరు విప్పకూడదనుకున్న అంథూలా ఎడ్నా మొహం చూసి, ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పేసింది. ఎడ్నా చెట్టు మొదలుకి ఆనుకుని చాలాసేపు కూర్చుంది.

దిగేటప్పుడు స్తమాతియా బాగా వెనకబడింది. అంథూలా ఇంక ఉండబట్టలేకపోయింది. వచ్చినవాళ్ళందరికీ అత్తగారు ఆ చెట్టే చూపిస్తుందని చెప్పేసింది. ఆవిడ తమ్ముడు నికితాస్‌ని జర్మన్లు పడవెక్కించి తీసుకుపోయారనీ, అతనేమయ్యాడో ఈనాటికీ తెలియదనీ, ఇదిగో ఇక్కడ పోయాడని ఒక్క జానెడు నేల చూపించినవాళ్ళు లేకపోవడమే ఆవిడ దిగులనీ చెప్పింది. క్షమించమంది. ఎడ్నా కిందికి వచ్చేదాకా అంథూలా వంక చూడను కూడా చూడలేదు.

ఇంటికొచ్చాక ఎడ్నా తిన్నగా వెళ్ళి స్తమాతియా ఎదురుగా కుర్చీ లాక్కుంది. ఇక గొడవ తప్పదని అంథూలా గుండె చిక్కబట్టుకుంది.

"నేను యుద్ధంలో నర్సుని. జర్మనీలో మా సైనికుల ఆస్పత్రిలో పనిచేశాను," అంది ఎడ్నా. "అక్కడికి నికితాస్ అనే గ్రీకు కుర్రాణ్ణి తీసుకొచ్చారు. లేరోస్ వాణ్ణని చెప్పాడు. జ్వరంతో పోయాడు. నొప్పేమీ లేదు. నేను పక్కనే ఉన్నాను. అక్కా, అక్కా అని పిలిచాడు."

అంథూలా అంతా గ్రీకులో చెప్పింది. స్తమాతియా, "ఎక్కడ పూడ్చారు?" అని మాత్రం అడిగింది. కిటికీలోంచి నది కనిపించే చోట అంది ఎడ్నా. ముసలావిడ వంగి ఎడ్నా చేతిని కళ్ళకద్దుకుంది.

సాయంత్రం రేవు దాకా సంచీ మోసుకుంటూ వెళ్ళిన అంథూలా, నర్సుగా పనిచేశారని ముందే చెప్పలేదేమని అడిగింది.

ఎడ్నా ఓడ మెట్టు మీద ఆగింది. "నేను పియానో టీచర్నమ్మా. మా దేశం దాటడం ఇదే మొదటిసారి," అని ఎక్కి వెళ్ళిపోయింది.

ఈ సంగతి ప్రాణం పోయినా అత్తగారికి చెప్పకూడదని ఒట్టు పెట్టుకుని అంథూలా ఇంటికొచ్చింది. వంటింట్లో స్తమాతియా గోధుమలు ఉడకబెడుతోంది. చచ్చిపోయినవాళ్ళ పేరున చర్చిలో పంచే ప్రసాదం అది. తమ్ముడికి శవం లేదు, తేదీ లేదు అంటూ ఇన్నేళ్ళూ ఆవిడ ఆ గింజలు పొయ్యి మీద పెట్టనేలేదు.

"నికితాస్‌కి. పొద్దున్నే ఫాదర్‌తో చెప్పిరా," అంది స్తమాతియా, కళ్ళు తుడుచుకుంటూ.

"పోనీలెండి అత్తయ్యా. ఇన్నాళ్ళకి నిజం తెలిసింది," అంది అంథూలా తల దించుకుని.

స్తమాతియా గరిటె తిప్పుతూనే నిట్టూర్చింది. "నిజమేమిటే పిచ్చిదానా. పూడ్చిన చోట కిటికీ ఎక్కడిదే? పాపం, ఆవిడకి అబద్ధమాడ్డం బొత్తిగా రాదు. నేనైతే ఇంకా బాగా చెబుతాను."