పైడమ్మ ఊపిరి

ఆ కాలంలో డ్రైవరు రాత్రి నిద్రను కొలిచిన ముక్కుపట్టీ చూపితేగాని బస్సు కదిలేది కాదు. గురకకు పేరుపడ్డ అప్పలసూరి, ఉద్యోగం ఊడుతుందన్న భయంతో, చప్పుడు లేకుండా నిద్రపోయే భార్య పైడమ్మకు తన పట్టీ తగిలించాడు.

తెల్లవారాక ఆ పట్టీ చూసి బస్సు మర్యాదగా పలికింది. "అప్పలసూరి గారూ, నిద్రలో మీ ఊపిరి గంటకు నలభైసార్లు ఆగింది. ఇవాళ నన్ను నడపలేరు."

కండక్టర్ నవ్వాడు. "ఏటి మావా, నిద్రోయావా, నీళ్లలో మునిగావా?"

అప్పలసూరి నవ్వలేదు. పొయ్యి ముందు కునికే పైడమ్మను బద్ధకస్తురాలని ఎన్నిసార్లు వెక్కిరించాడో గుర్తొచ్చింది. నిజం చెబితే ఉద్యోగానికి ముప్పు, చెప్పకపోతే పైడమ్మకు.

"అది నా ఊపిరి కాదమ్మా, మా పైడమ్మది," అన్నాడు.

"మీ తప్పు రాసుకున్నాను. ఆవిడ జబ్బు కూడా రాసుకున్నాను," అంది బస్సు.

"ఇంకో డ్రైవరొచ్చేలోగా ఎల్లి అత్తని తీసుకురా మావా," అన్నాడు కండక్టర్. "ఆస్పత్రికి రెండు టిక్కెట్లు కొడతాను. నీ గురక సంగతీ ఆళ్లే తేలుస్తారు."