ఆమె మాట ఆమెకే

ఆ ముసలిదాని ఇంటికి తాళం పడిందని తెలిసిన రోజు కమలాక్షి సేమ్యా పాయసం చేసింది.

మొగుడు పోయాక ఆ వంటింట్లో తీపి వండడం అదే మొదలు. జీడిపప్పు కూడా దండిగా వేసింది. బ్రిక్‌ఫీల్డ్స్‌ పేటలోని ఆ చిన్న ఫ్లాటంతా నేతి వాసన. హాల్లో మొగుడు అప్పయ్య ఫొటో ముందు దీపం వెలుగుతోంది.

కబురు తెచ్చింది అన్న కూతురు షామిని. టూరిస్టులను వెంటబెట్టుకుని దేశాలు తిప్పే ఉద్యోగం దానిది. బాల్కన్ ఊళ్లకు మొదటిసారి వెళ్లి, అక్కడి మాటలు కూడా నాలుగు నేర్చుకుని, నిన్ననే దిగింది.

"నీ కళ్లతో సూసినావా?" అంది కమలాక్షి.

"సూసినాను అత్తా. పెద్ద తాళం. కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. బోర్డు కూడా పీకేసినారు."

"ముసలిది?"

"కొడుకింటికి ఎల్లిపోనాదంట. ఎవరితోనూ మాటాడదంట."

"మాటాడకూడదు," అంది కమలాక్షి. ఇన్నాళ్లకు ఆమె కడుపు చల్లబడింది.

అప్పయ్యకు పాత ఊళ్లంటే పిచ్చి. రాళ్లు పరిచిన సందులు, కూలిన కోటలు, ఒకే వీధిలో మసీదూ చర్చీ. రిటైరయ్యాక ఇద్దరూ ఒక గుంపుతో కలిసి బయల్దేరారు. ఒక దేశంలో టిఫిను, ఇంకో దేశంలో భోజనం. సరిహద్దు దాటినప్పుడల్లా పాస్‌పోర్టులో ముద్ర చూసుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు మహానుభావుడు. అల్బేనియాలో బెరాట్ అనే ఊరికి చేరాక, ఒక ముసలావిడ నడిపే పాత రాతి ఇంట్లో బస.

మర్నాడు పొద్దున గైడు అందర్నీ కొండ మీది కోటకు తీసుకెళ్లాడు. ఆయాసంగా ఉందని అప్పయ్య ఆగిపోయాడు. కాసేపటికి గుండె పట్టుకుని కూలబడ్డాడు. గైడు ఫోను ఎత్తలేదు. ఇంట్లో ముసలిది తప్ప ఇంకో పురుగు లేదు.

కమలాక్షి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "డాక్టర్, డాక్టర్," అని బతిమాలింది. ఆ పాపిష్టిది తల అడ్డంగా ఊపి పొమ్మంది. మళ్లీ బతిమాలితే మళ్లీ పొమ్మంది. ఆపైన శాలువా కప్పుకుని, తలుపు బార్లా తీసి తనే బయటికి వెళ్లిపోయింది.

పరాయి మనిషి తన గడపలో చస్తే బేరాలు పోతాయని భయం కాబోలు. కమలాక్షికి ఒళ్లు మండిపోయింది. ఇలాంటి కొంపలో ఇంకో నిమిషం ఉండకూడదనుకుంది. మొగుణ్ని భుజాన వేసుకున్నంత పని చేసి రోడ్డు మీదికి తెచ్చి, దొరికిన టాక్సీ ఎక్కించింది. పక్క ఊళ్లో పెద్దాసుపత్రికి పోనిమ్మంది. మలుపు దగ్గర వెనక్కి చూస్తే ముసలిది పరిగెత్తుకొస్తోంది, పక్కన సంచీ పట్టుకున్న మగమనిషొకడు. పొమ్మన్నది చాలక కొట్టడానికి మనిషిని తెచ్చుకుందా అనుకుని, డ్రైవరును ఆపొద్దంది.

ఆసుపత్రి రాకముందే అప్పయ్య ఆమె ఒళ్లో తల వాల్చేశాడు.

ఇంటికి తిరిగొచ్చాక కమలాక్షికి ఒకటే ధ్యాస. ముసలిది సుఖంగా బతక్కూడదు. చావుబతుకుల్లో ఉన్న మనిషిని వెళ్లగొట్టిన ఇల్లు ఇదేనని ఇంటర్నెట్‌లో రాసింది. చుట్టాల చేత రాయించింది. తెలుగు సంఘంలో కనబడ్డ ప్రతివాళ్ల చేతా రాయించింది. షామిని కంపెనీ వాళ్లు కూడా ఆ ఇంటికి మనుషుల్ని పంపడం మానేశారు. అయినా ఇల్లు ఏదో నడుస్తూనే ఉందని తెలిసి పళ్లు నూరింది.

"మరి ఇప్పుడెందుకు మూసేసినాదో తెల్సా?" అంది పాయసం గిన్నె షామిని చేతికిస్తూ. "నానే మూయించినాను."

ఫోను తెరిచి చూపించింది. ఇంటర్నెట్‌లో కమలాక్షి రాసినదాని కిందే ముసలిదాని మనవడు ఇంగ్లీషులో రాశాడు. మా నానమ్మ నిద్రపోవడం లేదు, మీ ఆయన తన వల్లే చనిపోయారా అని మిమ్మల్ని అడగమంటోంది, అని.

"ఏటి జవాబిచ్చినావు అత్తా?"

"ఒక్క ముక్క, ఇంగ్లీసు అచ్చరాల్లోనే. ఆ పూట నా మొగాన ఏ మాట ఇసిరినాదో, ఆ మాటే తిప్పి కొట్టినాను. ఆ వారమే తాళం పడ్డాది."

"ఏ మాట?"

"పో అని."

షామిని తల ఎత్తింది. "ఆమె ‘పో’ అన్నాదా? మన మాట ఆమెకెలా తెలుసు?"

"మన పాసార్‌ సంతలో సేపలమ్మే సీనావోడికి తెలీదేటి? వా అంటాడు, పో అంటాడు. మనోళ్లు ఎల్లని దేశమేటుంది, ఎవరో నేర్పుంటారు. తల అడ్డంగా ఊపుతా ‘పో, పో’ అన్నాది. నా సెవులారా ఇన్నాను."

షామిని చెంచా గిన్నెలో వదిలేసింది. ఫోను వైపు చూసింది. అప్పయ్య ఫొటో వైపు చూసింది.

"తినవే," అంది కమలాక్షి. "సల్లారిపోతాది."

"అత్తా," అంది షామిని, "ఆ ఊళ్లల్లో సరేనన్నా తల అడ్డంగానే ఊపుతారు. అల్బేనియా బాసలో ‘పో’ అంటే ‘అవును’."