నేర్చుకున్న దగ్గు

తాండూరులో బస్సెక్కిన కొండమ్మకు కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితం. అందుకే మొగుడి దగ్గుకు మందు తేవడానికి వికారాబాద్ ఆసుపత్రికి ఆమే బయల్దేరింది.

నాపరాళ్ల పాలిష్ మిషన్ మీద ఆమె మొగుడు భీమప్ప పని చేస్తాడు. ఆ మిషన్ చుట్టూ రాలిన పొడి ఊడ్చేది కొండమ్మ.

"నేను పోతే కిరాయి దండుగ. సేటు మిషన్ ఇంకొకనికిస్తడు. నువ్వే పోయి నా లెక్క దగ్గు, మందులిస్తరు," అన్నాడు భీమప్ప. ఎలా దగ్గాలో పొద్దున్నే దగ్గి మరీ చూపించాడు.

డాక్టర్ ముందు కొండమ్మ అచ్చం అలాగే దగ్గింది. ఆయన మందులు రాయకుండా ఎక్స్‌రే తీయించాడు. ఫిల్మును ఆయన వెలుతురుకు పెట్టి మళ్లీ మళ్లీ చూసేసరికి, దొంగ దగ్గు బయటపడిందని ఆమెకు భయమేసింది.

"తప్పయింది సారూ. దగ్గు నాది గాదు, మా ఆయనది. నాకేం లేదు."

"రాళ్ల పనికి పోతావా?"

"ఊడుస్త, గంతే."

"మీ ఆయన్ని కూడా తీసుకురా. కానీ ఈ ఫోటో నీదమ్మా. నీ ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము పేరుకుపోయింది."

సాయంత్రం ఇంటి ముందు భీమప్ప ఎదురుచూస్తున్నాడు. జరిగింది చెప్పబోతుంటే కొండమ్మకు దగ్గు తెర వచ్చింది.

భీమప్ప పకపకా నవ్వాడు.

"మస్తు నేర్చినవే! ఇగ సాలు, ఈడ డాక్టర్ లేడు."