వల గుండ్రంగా పడాలి

తిప్పేష్ విసిరిన వల మళ్ళీ మూటలాగా పడింది. దాని కింద చిక్కాల్సిన కోడి తీరిగ్గా పక్కకు జరిగి నిలబడింది.

"చేతుల్తో గాదప్పా, నడుముతో తిప్పల్ల" అంది భార్య భారతి. "మా నాయన పెన్నలో విసిరితే పళ్ళెం మాదిరి పడేది."

భారతిది పామిడి. నదిలో చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టింది. తిప్పేష్‌ది ముదిగుబ్బ పక్క పల్లె. అతనికి తెలిసిన చేప సంతలో దొరికేదొక్కటే. అందుకే కొన్నాళ్ళుగా ఇంటి ముందర కోళ్ళ మీద సాధన జరుగుతోంది. ఈపాటికి కోళ్ళు మాత్రం బాగా ఆరితేరాయి.

ఇదంతా ఎందుకంటే, నదీ పరీవాహక ప్రాంతంలో నీటి వనరులు పెంచే సర్కారు పథకంలోకి ఊరి చెరువు కూడా ఎక్కింది. కట్ట ఎత్తు పెంచారు. తూముకు కొత్త తలుపు బిగించారు. 'లోతు ఎక్కువ, పిల్లలు దిగరాదు' అని ఎర్రక్షరాలతో బోర్డు పాతారు. ఇక చేపల సంఘం కట్టాలి. వల విసరడంలో, ఈతలో పరీక్ష పెడతారు. నెగ్గినవాళ్ళకు కార్డు, నీళ్ళ మీద తిరగడానికి పుట్టి, చెరువులో వాటా.

నిజానికి తిప్పేష్‌కు చేపల మీద మోజేమీ లేదు. అతనికి ఇంటి పట్టున ఉండాలని ఉంది. బెంగుళూరులో సెంట్రింగ్ పని చేసుకుంటూ ఎప్పుడో ఒకసారి వస్తే, మూడేళ్ళ కూతురు ఎవరో వచ్చారని తలుపు చాటుకు పోతోంది. అది తలుచుకుంటే అతనికి అన్నం సయించదు.

"ఈ కార్డొకటి చేతికొస్తే ఇంక యాడికీ పోనే" అని భార్యకు మాటిచ్చాడు.

పరీక్ష రోజు మత్స్యశాఖ నుంచి చంద్రమోహన్ అనే అధికారి వచ్చాడు. మంచివాడే. రూలు దగ్గరకొస్తే మాత్రం కన్నతండ్రిని కూడా వదలడు.

"ఈ నెలలో సంఘం కట్టకపోతే పథకం వెనక్కి పోతుంది. అట్లని ఎవరికి పడితే వాళ్ళకు కార్డు ఇయ్యను" అని ముందే చెప్పేశాడు.

మొదట అదే ఊరి కుళ్లాయప్ప విసిరాడు. వల అతని కాళ్ళకే చుట్టుకుంది.

"గాలి ఎక్కువుండాది సార్" అన్నాడు కుళ్లాయప్ప.

"రేపు చేపలు పట్టేటప్పుడు కూడా ఉంటుంది. ఫెయిల్."

తిప్పేష్ వల భుజాన వేసుకుని చెరువులోకి దిగబోతుంటే చంద్రమోహన్ ఆపాడు.

"లైఫ్ జాకెట్ వేసుకో. నీకేమన్నా అయితే నా ఉద్యోగం పోతుంది."

జాకెట్ తొడుక్కుని తిప్పేష్ దిగాడు. కట్ట మీద కూతుర్ని ఎత్తుకుని భారతి నిలబడింది. అతను ఒకసారి ఆమె వైపు చూసి, నడుము తిప్పి విసిరాడు. వల గాల్లో విచ్చుకుని గుండ్రంగా, నిండుగా పడింది.

భారతి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఒక్క చేపా పడలేదు గదా సార్" అన్నాడు కుళ్లాయప్ప ఉక్రోషంగా.

"చేపపిల్లల్ని వదిలేది తర్వాత. ఇప్పుడే చేప పడాలని రూల్లో లేదు."

ఇక ఈత. తిప్పేష్ బోర్లా పడి, కాళ్ళూ చేతులూ ఆడిస్తూ గుర్తుగా పెట్టిన జెండా వైపు సాగాడు. జాకెట్ పుణ్యమా అని ఛాతీకి ఏమీ కాలేదు గానీ, అడుగున ఉన్న రాళ్ళకు మోచేతులు గీసుకుపోయాయి. అయినా ఆగలేదు. చంద్రమోహన్ మాత్రం అతని కాళ్ళ ఆటనే గమనిస్తూ, జెండా చేరగానే ఈల వేశాడు.

"పాస్."

కార్డు చేతికొచ్చింది. భారతి నవ్వుతూ పాపను అందించింది. దాక్కోవడానికి తలుపేదీ లేకపోయేసరికి, పాప కాసేపు చూసి చూసి నాయన మెడ పట్టుకుంది. తిప్పేష్ పాపను గట్టిగా హత్తుకుని అడిగాడు.

"ఇంక నేను బెంగుళూరికి పోబల్లేదు గదా సార్?"

చెరువు నడిమధ్యలో ఆపుకున్న జీపు ఎక్కుతూ చంద్రమోహన్, "నీళ్ళొచ్చేదాకా పోయిరాప్పా" అన్నాడు.