అల అడుగు

"అల అడుగు అది కాదమ్మా."

వెనకనుంచి ఎవరో అన్నారు. జీపు మీద పెట్టుకున్న ల్యాప్‌టాప్ తెర మీంచి యస్నా తల తిప్పి చూసింది.

మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. భుజాన సముద్రపు నాచు కట్టలు. యాభై దాటిన ఆడమనిషి.

"నాచు కొనేవాళ్లు అటున్నారమ్మా, రోడ్డు పక్కన," అన్నాడు సర్ఫింగ్ క్లబ్బు పెద్ద దోన్ ఎవారిస్తో. "ఇక్కడ లెక్కలు జరుగుతున్నాయి."

లెక్కలే మరి. గంట క్రితం పుంతా నెగ్ర కొండకొమ్ము కింద, రయెన్ అనే ఇరవై రెండేళ్ల పిల్ల కొండంత అల మీంచి బోర్డేసుకుని జారి, నిలబడే ఒడ్డుకొచ్చింది. కొండ మీది కెమెరా అదంతా పట్టింది. ఇప్పుడు ఆ వీడియో చూసి అల ఎత్తు తేల్చాలి. తేల్చాల్సింది యస్నా. సముద్రాన్ని వీడియోల్లో కొలవడమే ఆమె ఉద్యోగం.

చిలీ ఆడవాళ్లలో ఇప్పటిదాకా ఎవరూ పదకొండు మీటర్ల నలభై సెంటీమీటర్ల అల దాటలేదు. పంతొమ్మిదేళ్లుగా ఆ రికార్డు కదల్లేదు.

యస్నా లెక్కకు వచ్చింది పది మీటర్ల తొంభై.

జీపు చుట్టూ మూగిన జనం ఉసూరుమన్నారు.

"పోనీలే అక్కా, ప్రాణాలతో వచ్చాను. అది చాలు," అంది రయెన్. నవ్వబోయింది గానీ పెదవి వణికింది.

నాచు కట్టలావిడ మాత్రం కదల్లేదు. తెర మీద వేలు పెట్టింది.

"ఇదిగో, ఈ పిల్ల ఇంకా కిందికి దిగుతూనే ఉంది చూడు. అడుగు వస్తే దిగడం ఆగాలి కదా? ముందున్న నురగ అడ్డొచ్చి నీకు అడుగు కనపళ్లేదు. ఇంకాస్త ముందుకు జరుపు."

"ఇది నాచు తూచడం కాదమ్మా!" అన్నాడు ఎవారిస్తో.

అందరూ గొల్లుమన్నారు. ఆవిడా వాళ్లతో పాటే నవ్వింది.

"తూకం దొంగతూకం కాకూడదనే బాబూ నా బాధ. జరుపు తల్లీ."

యస్నాకి చిరాకేసింది. అయినా వీడియోని ఒక్కో బొమ్మే ముందుకు జరిపింది. నాలుగు. ఎనిమిది. పదమూడు.

నురగ పక్కకు తొలిగింది. దాని వెనక, ఇంకా లోతున, నల్లగా నున్నగా నీళ్లు. రయెన్ బోర్డు అక్కడ మలుపు తిరుగుతోంది.

"ఓరి దేవుడా!" అంది యస్నా.

"ఇంకోటి," అంది ఆవిడ. "పిల్ల వంగి ఉంది. వంగిన మనిషి ఎత్తు ఎంతని వేశావు?"

"ఉజ్జాయింపుగా... ఒక మీటరు."

"ఉజ్జాయింపు దేనికి? పిల్ల ఇక్కడే ఉందిగా! మోకాలి నుంచి మడమదాకా కొలిచి చూడు. మనిషి ఎంత వంగినా ఎముక వంగదు."

ఆ సంగతి తనకెందుకు తట్టలేదు?

రయెన్ ఒక్క గెంతులో జీపు ముందుభాగం ఎక్కి కాలు చాపింది. ఎవరో టేపు విసిరారు. అందరికంటే ముందు వంగింది ఎవారిస్తోనే.

"నలభై రెండు!" అని అరిచాడు. "నలభై రెండు సెంటీమీటర్లు!"

యస్నా తెర మీది బొమ్మలో రయెన్ మోకాలి నుంచి మడమదాకా గీత గీసింది. అంతంత గీతల్నే అల అడుగు నుంచి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయింది. జనం గొంతు కలిపారు.

"ఇరవై! ఇరవై ఒకటి! ఇరవై రెండు!"

రయెన్ రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

"ఇరవై ఏడు! ఇరవై ఎనిమిది!"

శిఖరం.

"పదకొండు డెబ్భై ఆరు," అంది యస్నా.

"ఆగండి," అంది నాచు కట్టలావిడ. జనం కేక గొంతులోనే ఆగింది. "పొరపాటు ఎంత ఉండొచ్చు?"

"ముప్ఫై సెంటీమీటర్లు. అటో ఇటో."

"తీసెయ్."

ఎవారిస్తో ఆవిడకేసి కొరకొరా చూశాడు. "ఇచ్చిన చేత్తోనే లాక్కుంటావేంటమ్మా?"

"రేపెవరూ వేలెత్తి చూపకూడదు బాబూ. తీసెయ్ తల్లీ."

యస్నా తీసేసింది.

"పదకొండు నలభై ఆరు."

ఆరు సెంటీమీటర్లు ఎక్కువ.

అప్పుడు లేచింది కేక. జీపు హారన్లు మోగాయి. రేవులో పడవలవాళ్లు టోపీలు ఎగరేశారు. రయెన్‌ని ఎవరెవరో భుజాలకెత్తుకున్నారు. ఎవారిస్తో కనబడిన ప్రతివాళ్ల బుగ్గ మీదా ముద్దులు పెట్టేస్తున్నాడు.

"సాక్షి సంతకం కావాలి. మీరే చెయ్యండి!" అని యస్నా కొలతల కాగితం ఆవిడ చేతికిచ్చింది.

ఆవిడ తడి చెయ్యి లంగాకి తుడుచుకుని, జీపు మీద కాగితం ఆనించి రాసిచ్చింది.

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"ఆ అడుగున పడి లేచినదాన్నిలే," అంది నవ్వుతూ. "అయిదింటి బస్సు పోతుందమ్మా."

దారిలో రయెన్ దగ్గర ఆగింది. తడి జుట్టు మీద చెయ్యేసింది.

"రేపు ఒళ్లంతా నొప్పులొస్తాయి. పడుకోకు. మళ్లీ నీళ్లలోకి దిగు."

"అలాగే అవ్వా," అంది రయెన్. ఈలోపు ఎవరో ఆమెను మళ్లీ భుజాల మీదికి లాగేశారు.

బస్సు వెళ్లిపోయింది.

సందడి సద్దుమణిగాక ఎవారిస్తో చేతిలో సగం తిన్న ఎంపనాదా కజ్జికాయతో వచ్చి జీపుకి ఆనుకున్నాడు.

"ఆవిడకి కబురు పెట్టాలి, యస్నా."

"ఎవరికి?"

"రికార్డు పోయినావిడకి. నేనెప్పుడూ చూళ్లేదు. దక్షిణాన ఎక్కడో ఒంటరిగా ఉంటుందట. పేపర్లో చూసి తెలుసుకునేకంటే మనమే మంచిగా చెబితే మర్యాద. పాపం, పంతొమ్మిదేళ్లు! పేరు ఒరియెత్త కార్దెనాస్."

యస్నా చేతిలోని కాగితం వైపు చూసింది.

సాక్షి సంతకం ఉండాల్సిన చోట, తడికి కాస్త అలికిన అక్షరాల్లో, ఆ పేరే ఉంది.